స్టెంటు వేశాక కూడా యాంటీబయాటిక్ ఎందుకు?

నమస్కారం. గుంటూరు కొత్తపేటలో ఏ ఆసుపత్రి వరండాలో కూర్చున్నా, సీటీ ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తిపట్టి చూసుకునే బంధువులు కనిపిస్తారు. ఈ రోజు చెప్పుకునే జబ్బులో ఆ ఫిల్ము మీద, వెన్నుపూసల ముందు నుంచి దిగే, గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమనికి ఒక పక్కన మాత్రమే సంచిలాంటి ఉబ్బు వేలాడుతూ ఉంటుంది. ధమని గోడ బలహీనపడి ఇలా ఉబ్బడాన్ని ఎన్యూరిజం అంటారు. మామూలు ఎన్యూరిజం చాలావరకు గొట్టం చుట్టూ ఉబ్బుతుంది. ఇలా ఒక పక్కకే సంచి కట్టి, తోడుగా జ్వరం, నడుము నొప్పి ఉంటే వైద్యులు ఇన్ఫెక్షన్‌ను అనుమానిస్తారు.

1885లో విలియం ఆస్లర్ దీనిని మైకోటిక్ ఎన్యూరిజం అన్నారు. పేరు ఫంగస్‌ను తలపిస్తుంది గానీ, చాలా మందిలో కారణం బాక్టీరియా: స్టెఫిలోకాకస్ లేదా, ముఖ్యంగా ఆసియాలో, సాల్మొనెల్లా. వయసు మీరినవారిలో, షుగరు ఉన్నవారిలో, కొవ్వు పేరుకుని గరుకెక్కిన ధమని గోడను ఈ క్రిమి రక్తం ద్వారా చేరి తినేస్తుంది.

పాత పద్ధతిలో పొట్ట కోసి, ధమనికి క్లాంపు వేసి, చెడిన భాగాన్ని తీసేసి కొత్త గొట్టం కుడతారు. అంత పెద్ద ఆపరేషన్‌ను నీరసించిన ఒళ్లు తట్టుకోవడం కష్టం. కొత్త పద్ధతిలో గజ్జ దగ్గర ధమనిలోకి సూదితో దారి చేసి, సన్నని తీగ మీదుగా, ముడిచిన స్టెంట్ గ్రాఫ్టును (గుడ్డ కుట్టిన లోహపు జాలీ గొట్టాన్ని) ఎక్స్‌రే తెర చూస్తూ పైకి పంపుతారు. తొడుగును వెనక్కి లాగుతుంటే నిటినాల్ లోహం విచ్చుకుని, దానికి కుట్టిన పాలియెస్టర్ గుడ్డ ధమని గోడకు ఒత్తుకుంటుంది, రక్తం సంచిలోకి పోవడం ఆగుతుంది. మామూలు ఎన్యూరిజానికి దీన్ని 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడి మొదలుపెట్టారు.

చిక్కు ఇక్కడే ఉంది. గ్రాఫ్టు ఆ సంచి పగలకుండా ఆపుతుంది, క్రిమిని చంపదు. పైగా చీము ఉన్నచోటే కొత్త గుడ్డను వదిలివస్తున్నాం. అందుకే చాలా మంది సర్జన్లు దీన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. స్వీడన్ దేశవ్యాప్త లెక్కలు 2016లో వెలువడ్డాక ఆ అభ్యంతరం కొంత సడలింది: గ్రాఫ్టు వేయించుకున్నవారు తొలి నెలల్లో ఎక్కువగా బతికారు, తర్వాతి ఇన్ఫెక్షన్ చిక్కులు కోత ఆపరేషన్ కంటే పెరిగినట్టు తేలలేదు. అయితే ఇది చీటీ వేసి రోగులను పంచి చేసిన పరీక్ష కాదు, ఆ మాట మరిచిపోకూడదు.

“స్టెంటు పడింది గదా బాబాయ్, ఇంకా ఈ మాత్రలేమిటి?” అని గుండె స్టెంటుతో పోల్చుకుని అడుగుతుంటారు. రక్తం కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) చెప్పిన యాంటీబయాటిక్‌ను వారాల తరబడి సెలైన్ ద్వారా, ఆపై నెలల తరబడి, కొందరికి జీవితాంతం మాత్రలుగా వాడాలి. డిశ్చార్జి అయ్యాక జ్వరం తిరగబెట్టినా, మలం నల్లగా తారులా వచ్చినా, గ్రాఫ్టు పేగుతో అతుక్కుని, రక్తం పేగులోకి పోయే దారి పడి ఉండవచ్చు కనుక, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పాత సీటీ ఫైలుతో ఆసుపత్రికి బయలుదేరాలి.