శ్రీలంకలో ఏ వైపు ఉండాలి? ఫోన్‌లోనే తేల్చుకుందాం

నమస్కారమండీ, అమలాపురం నుంచి. లంకలంటే మనకి కొత్తేం కాదు, గోదావరి పాయల మధ్య ఎన్ని లేవు! ఈసారి చూసేది సముద్రంలో ఉన్న లంక. వారం తిరిగొద్దామన్నా, ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి నెల రోజులు మకాం పెడదామన్నా, ముందు ఏ వైపు దిగాలో తేల్చుకోవాలి.

మ్యాప్స్ తెరవండి, శ్రీలంక అని కొట్టండి, వచ్చేసింది. ఇక్కడ పొరల గుర్తు ఉంది కదా, అది నొక్కి టెరైన్ పెట్టండి. ఆఁ, మధ్యలో కొండలు, చుట్టూ పల్లం, అంతే. అన్నట్టు నేను రెండు వేళ్లతో జూమ్ చేయను. బొటనవేలితో రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు తీయకుండా ఇలా పైకీ కిందికీ జరపండి, రెండో చేతిలో టీ గ్లాసున్నా పనైపోతుంది.

ఇప్పుడు కాస్త ఆగండి, నేను బోర్లా పడింది ఇక్కడే. దేశం మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రలో సగం కూడా లేదు, అంత చిన్నదాంట్లో వాన ఎక్కడైనా ఒకటేలే అనుకున్నాను. మన ద్రాక్షారామం మాణిక్యాంబలాగే పద్దెనిమిది శక్తిపీఠాల్లో శాంకరీ దేవి కూడా ఉంది, ఆవిడ ఉండేది ట్రింకోమలీలో, ఇదిగో, తూర్పు ఒడ్డున. అమ్మకి అక్కడికే వెళ్లాలని. డిసెంబర్లో పిల్లలకి సెలవులొచ్చాయి కదాని బుక్ చేసేశాను. దిగిన దగ్గర్నుంచి వానే. గుడి చూశాం గానీ, నాలుగు రోజులూ సముద్రాన్ని కిటికీలోంచి చూడ్డమే. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఎందుకంటే, ఈ కొండలు చూడండి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి ఇటు నుంచి వస్తుంది, వాన పడమర, దక్షిణం వైపే దంచేస్తుంది, కొండలు అడ్డం కాబట్టి తూర్పు పొడిగా ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి, అంతా తిరగబడుతుంది. అంటే డిసెంబర్, జనవరి అయితే దక్షిణ ఒడ్డున ఉన్న గాల్, మిరిస్సా ఊళ్ల వైపు. మన వేసవి సెలవులైతే, మే నెలలో, ట్రింకోమలీ. అక్టోబర్, నవంబర్లో అన్ని వైపులా వానలే, మనకి తుపాన్ల భయం ఉన్నట్టే వాళ్లకీ ఉంటుంది. అందుకే దేశం పేరు కాదు, ఊరి పేరు కొట్టి పక్కన నెలవారీ వర్షపాతం అని వెతకండి. మళ్లీ చెప్తున్నా, ఊరి పేరు. ఏడాది మొత్తం ఎంత అన్న అంకెతో పనిలేదు, వచ్చే గ్రాఫ్‌లో మీరు వెళ్లే నెల గీత ఎంత ఎత్తుందో చూడండి.

కొండల మీదికైతే నువర ఎలియా, 1,868 మీటర్ల ఎత్తు, స్వెటర్ పెట్టుకోండి. నెల రోజులు ఉండాలంటే మాత్రం నేను క్యాండీయే అంటాను, అంత చలీ ఉండదు, కొలంబో అంత ఉక్కా ఉండదు. క్యాండీ నుంచి నువర ఎలియా, అమలాపురం నుంచి రాజమండ్రి అంత దూరమేగా అనుకోకండి, అంతా మలుపులే, కిలోమీటర్లు వదిలేసి గంటలు చూసుకోండి. ఇటు పడమర కురునేగల, పుత్తలం చుట్టూ అంతా కొబ్బరే. అవి చూడ్డానికి విమానం ఎక్కాలా, మన పెరట్లోవి చాలవా అంది మా వదిన, అదీ నిజమే.

ఇక నచ్చిన ఊళ్లు సేవ్ చేసుకోండి, జాబితాలకి నెల పేర్లే పెట్టండి. నా ఫోన్లో మే అన్న జాబితాలో మొదటిది ట్రింకోమలీయే. ఈసారి టికెట్లు మాత్రం మా ఆవిడే తీస్తానంది.