అరకు కొండల మీద రిసార్టులా, కాఫీయా: 1/70పై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా ఆపే 1/70 చట్టాన్ని టూరిజం కోసం సవరించాలన్న మాట మీద 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ జరిగింది. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చెప్పారు. అయినా చర్చ ఆగలేదు. ఈరోజు నలుగురికీ సమానంగా సమయం ఇస్తాం. ముందు సూటిగా చెప్పండి, రిసార్టులు వస్తే ఉద్యోగాలు వస్తాయా, రావా?

హోటల్ వ్యాపారి: ఎందుకు రావు సార్! వంజంగిలో మేఘాలు చూడటానికి తెల్లవారకముందే కార్లు బారులు తీరుతున్నాయి. ఉండటానికి గదులేవి? బాత్‌రూములేవి?

ఆదివాసీ సంఘం నాయకుడు: ఒక్క నిమిషం...

వ్యాపారి: నన్ను పూర్తి చేయనివ్వండి. భూమి చేతులు మారనప్పుడు పెట్టుబడి ఎవరు పెడతారు?

నాయకుడు: చేతులు మారి మారి పోయాయనే కదా 1970లో చట్టాన్ని గట్టి చేసింది! మీరు చూసే బొర్రా గుహల దగ్గరే, అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద కొట్లాడితే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు వచ్చింది. ప్రభుత్వ భూమి కూడా ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని...

యాంకర్: కోర్టుల సంగతి తర్వాత. ఉద్యోగాలు వస్తాయా, రావా?

నాయకుడు: వస్తాయి, గిరిజనుడికి తన భూమిలోనే గదులు ఊడ్చే ఉద్యోగాలు.

వ్యాపారి: పనంటే అంత చిన్నచూపా అండీ?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. కొంత వినపడలేదు.)

రిటైర్డ్ అధికారి: అసలు ఆదాయం కాఫీలో ఉంది. 2019లో అరకు కాఫీకి జీఐ, అంటే ఆ ప్రాంతానికే చెందిన పంటన్న గుర్తింపు వచ్చింది...

యాంకర్: పారిస్‌లో అరకు కాఫీ షాపు కూడా పెట్టారు కదా!

వ్యాపారి: అదీ బ్రాండ్ అంటే! టూరిస్టు వస్తే బ్రాండ్ ఇంకా పెరుగుతుంది.

(ఇక్కడ అయిదు నిమిషాలు పారిస్ కబుర్లే. పాడేరు వైపు నుంచి వచ్చిన కాఫీ రైతుకు మైకు అందింది ఆ తర్వాతే.)

రైతు: ఎర్రపండు కోసిన రోజే తొక్క తీయాలి బాబూ, లేకపోతే పులిసిపోతుంది. మా ఊళ్లో పల్పింగ్ మిషన్ లేదు. బస్తా నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటాలి. అంత దూరం మోయలేక పండును తొక్కతోనే ఎండేసి సంతలో అమ్మేస్తాం. తొక్క తీసిన గింజకున్న రేటు దానికి రాదు. మొన్న కోతలప్పుడే మా కోడలికి నొప్పులొస్తే ఆ దారినే డోలీలో మోశారు.

యాంకర్: అంటే రోడ్డు కావాలి. రిసార్టులొస్తే రోడ్డొస్తుంది, అంతేనా అమ్మా?

రైతు: రోడ్డన్నాను బాబూ, రిసార్టు అనలేదు.

అధికారి: రోడ్డు వేయడం ప్రభుత్వం బాధ్యత, దానికి చట్టం అడ్డు...

వ్యాపారి: ఊరికే ఎవరేస్తారు సార్? ఊటీ చూడండి, మున్నార్ చూడండి!

నాయకుడు: ఊటీలో తోడా ఆదివాసీలకు మిగిలిన భూమెంతో అదీ చూడండి.

యాంకర్: టైమ్ లేదు. సవరించాలా, వద్దా? ఒక్క మాట.

వ్యాపారి: సవరించాలి. కనీసం లీజుకైనా ఒప్పుకోవాలి. ఇంకో విషయం...

(ఆ విషయం మూడు నిమిషాలు సాగింది. నాయకుడు రెండుసార్లు చెయ్యెత్తారు.)

రైతు: బాబూ, ఆ మిషన్ సంగతి...

యాంకర్: వస్తానమ్మా, చిన్న బ్రేక్ తర్వాత.

(బ్రేక్ తర్వాత వార్తలు మొదలయ్యాయి.)