జెండా వీరుడు ఎక్కడ నిలబడ్డాడు?

అక్క: నమస్కారం. ఈసారి ఒకే ఒక్క ఆట గురించి మాట్లాడుకుందాం. టోర్నమెంటులో తమ్ముడు ఆడిన చివరి రౌండు అది. నా ఆట ముందే ముగిసింది కాబట్టి, చివరి రెండు వంతులు పక్కన నిలబడి చూశాను. ఊపిరి బిగబట్టి చూశానంటే అతిశయోక్తి కాదు. మొదటి నుంచీ చెప్పు.

తమ్ముడు: ముందు ఆ మమ్మీల గురించి చెప్పనివ్వు అక్కా. అవి చెప్పకుండా ఆట మొదలుపెట్టలేను.

అక్క: సరే, మమ్మీలతోనే మొదలుపెట్టు.

తమ్ముడు: మనం ఆడింది కింగ్స్ ఆఫ్ వార్, బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధ క్రీడ. ఇందులో గాయాలు తగిలితే బొమ్మలను ఒక్కొక్కటిగా తీసేయరు. గాయాలన్నీ దళం మొత్తం ఖాతాలో చేరుతాయి. దళం నిలిస్తే పూర్తిగా నిలుస్తుంది, పోతే పూర్తిగా పోతుంది. అందుకే చాలామంది దళమంతటినీ ఒకే పీఠం మీద అతికించి, దాన్నొక దృశ్యంలా మలుస్తారు. మా ప్రత్యర్థి పెద్దాయన తన మమ్మీల పీఠం మీద కూలిపోయిన సమాధి గది కట్టారు. కిందకు దిగే మెట్లు, సగం ఇసుకలో మునిగిన ద్వారం. మెట్ల మీద నుంచి మమ్మీలు ఒకదాని వెనుక ఒకటి పైకి వస్తున్నాయి. అన్నిటికంటే వెనుక ఉన్నదాని చేతిలో చిన్న దీపం. ఆ దీపం వెలుగు పక్క గోడ మీద పడినట్టు నారింజ రంగును పలుచగా, పొరలు పొరలుగా వేశారు. నేను బొమ్మలకు రంగులు వేయడం మొదలుపెట్టి చాలాకాలమే అయింది. ఆ గోడ మీది వెలుగు మాత్రం నాకింకా చేతకాదు. ఆట మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు వంగి దాన్నే చూస్తూ ఉండిపోయాను.

అక్క: ఆ మమ్మీలే తరువాత నీ కొంప ముంచాయి.

తమ్ముడు: అవే. ఆయనది అన్‌డెడ్ సైన్యం, అంటే లేచి నడిచే శవాలు. నాది డ్వార్ఫ్ సైన్యం, అంటే మరుగుజ్జు వీరులు. పాయింట్లు దగ్గరగా ఉన్నవాళ్లనే జతకలిపే స్విస్ పద్ధతి కాబట్టి అప్పటికి ఇద్దరి పాయింట్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల. బల్ల నడిబొడ్డు చుట్టూ 12 అంగుళాల మేర ఒక వలయం. ఆట ముగిసేసరికి ఆ వలయంలో ఎవరి దళాల బలం ఎక్కువుంటే వాళ్లదే గెలుపు. చెరొక గంట, మధ్యలో చదరంగం గడియారం.

అక్క: ఈ ఆటకు చదరంగం గడియారం ఎందుకు నప్పుతుందో కొత్తగా వింటున్న వాళ్లకు చెప్పాలి. చాలా యుద్ధ క్రీడల్లో నువ్వు కొడితే ఎదుటివాడు కవచం కోసం పాచికలు వేస్తాడు, తిరిగి కొడతాడు. ఇక్కడ నీ వంతులో అన్ని పాచికలూ నువ్వే వేస్తావు. ఎదుటివాడు చూస్తూ నిలబడతాడు. కాబట్టి నీ వంతులో నీ గడియారమే తిరుగుతుంది. నియమాలు రాసిన అలెస్సియో కవాటోరే అంతకుముందు గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీలో వార్‌హామర్ అనే యుద్ధ క్రీడ మీద పనిచేసినవారు. పెద్ద సైన్యాల యుద్ధాన్ని ఇంత తేలిక చేయాలంటే ఆ అనుభవం ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

తమ్ముడు: నాకు మరీ నచ్చేది ఇంకొకటి ఉంది. దాడికి పరుగెత్తే దూరానికి ఇక్కడ పాచిక లేదు. దళం వేగానికి రెండింతలు, అంతే. నా డ్వార్ఫ్‌ల వేగం 4, కాబట్టి 8 అంగుళాల వరకు దాడి చేయగలరు. బ్యాడ్జర్ల మీద స్వారీ చేసే నా బ్రాక్ రైడర్ల వేగం 8, వాళ్లకు 16 అంగుళాలు. టేపు ఎప్పుడైనా పెట్టి కొలుచుకోవచ్చు. అంటే తప్పు చేస్తే అదృష్టం మీద నెట్టడానికి వీలుండదు.

అక్క: ఇక ఆట.

తమ్ముడు: మొదటి వంతులో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఇద్దరం ముందుకు నడిచాం. నా ఫిరంగి గురి తప్పింది. కథంతా రెండవ వంతులో ఉంది. ముందు వంతు ఆయనదే. 40 జోంబీల పెద్ద దళాన్ని తెచ్చి, నా డ్వార్ఫ్‌ల పెద్ద దళానికి సరిగ్గా 9 అంగుళాల దూరంలో నిలబెట్టారు.

అక్క: నీ డ్వార్ఫ్‌లకు అందేది 8.

తమ్ముడు: అవును. వాళ్ల దాడికి అంగుళం అవతల ఆగిన జోంబీలు నా రైడర్లకు మాత్రం తేలికగా అందుతాయి. ఆ దళం నాకు ఎరలా కనబడలేదు. ఆయన కొలతలో పొరబడి రైడర్లను మరిచిపోయారనుకున్నాను. మమ్మీలు కుడి వైపున, అడ్డంగా మరో దిక్కుకు మొహం పెట్టి ఉన్నాయి. దళం తన ఎదుట ఉన్నవాళ్ల మీదకే దాడికి దిగగలదు. పక్కకు చూస్తున్న మమ్మీలు నా రైడర్లను తాకలేవు కదా అని ధీమా. రైడర్లను వదిలాను. జోంబీలను బాగానే కొట్టాను కానీ అవి కదలలేదు. చచ్చిన శవాలకు భయమేముంటుంది?

అక్క: ఇక్కడే నీతో నాకు పేచీ. ఆ దాడి తప్పని నువ్వు అంటున్నావు. నేను అనను. జోంబీలు వలయం దాకా వచ్చేశాయి. వాటిని అక్కడే ఆపకపోతే మూడవ వంతుకల్లా నడిబొడ్డున కూర్చునేవి. నువ్వు కొట్టి తీరాలి.

తమ్ముడు: కొట్టాలనే ఒప్పుకుంటాను. కానీ రైడర్లను ఒంటరిగా పంపడం తప్పు. నా జెండా వీరుడు పెద్ద దళం పక్కనే ఉండిపోయాడు. దాడి ముగిశాక కొలిస్తే రైడర్లకూ అతనికీ మధ్య 7 అంగుళాలు ఉంది. అతని స్ఫూర్తి పనిచేసేది 6 అంగుళాల లోపలే.

అక్క: అప్పుడు మమ్మీలు కదిలాయి.

తమ్ముడు: కదిలే ముందు ఆయన ఆగారు. టేపు కింద పెట్టి, "నేను మమ్మీలను 5 అంగుళాలు నడిపి, ఒకసారి తిప్పి, మీ రైడర్ల పక్కకు ఎదురుగా నిలబెడుతున్నాను. వాటి మొహానికి మీ దళం పక్క భాగం కనబడుతుంది. మధ్యలో 3 అంగుళాలు మిగులుతుంది. ఇద్దరం ఒప్పుకుంటున్నామా?" అని అడిగారు. నేను వంగి చూశాను. ఆయన చెప్పినట్టే ఉంది. ఒప్పుకున్నాను. ఒప్పుకుంటుండగానే నాకు అర్థమైపోయింది.

అక్క: సర్జ్ మంత్రం.

తమ్ముడు: ఆ మంత్రం. నడక అయిపోయిన తరువాత, బాణాలూ మంత్రాలూ వేసే దశలో మాంత్రికుడు దాన్ని వేస్తాడు. పడిన ప్రతి విజయానికి ఆ శవదళం ఒక్కో అంగుళం సూటిగా ముందుకు జరుగుతుంది. ఎవరినైనా తాకిందా, అది దాడి కింద లెక్క. ఆయన చేతిలో 8 పాచికలు. 4, 5, 6 పడితే విజయం. 3 విజయాలు చాలు. 256లో 219 సార్లు అది జరిగి తీరుతుంది. ఆయనకు 5 పడ్డాయి.

అక్క: పక్క నుంచి తాకితే కొట్టే పాచికలు రెండింతలు.

తమ్ముడు: 12 కాస్తా 24 అయ్యాయి. 12 తగిలాయి, 10 గాయాలు. ఇక ధైర్య పరీక్ష. అప్పటికి ఉన్న గాయాలకు రెండు పాచికల మొత్తం కలుపుతారు. ఆ మొత్తం దళం ఓర్పు అంకెను చేరితే ఆ దళం చెదిరిపోతుంది. ఆయనకు 6 పడితే చాలు. 7 పడింది. జెండా వీరుడు అంగుళం దగ్గరగా ఉంటే, అతని స్ఫూర్తి వల్ల ఆయన ఆ పాచికలను మళ్లీ వేయాల్సి వచ్చేది. ఒక్కసారి వేస్తే చెదిరే అవకాశం 36లో 26. రెండుసార్లూ పడాలంటే దాదాపు సగానికి సగం. ఆ ఒక్క అంగుళం విలువ అది.

అక్క: బాధేసిందా?

తమ్ముడు: రైడర్లు పోయినందుకు కాదు. నేను ఆ మమ్మీలను ఐదు నిమిషాలు చూశాను అక్కా. దీపం చూశాను, గోడ చూశాను. అవి ఎటు తిరగగలవో మాత్రం చూడలేదు.

అక్క: మూడు, నాలుగు, ఐదు వంతులు?

తమ్ముడు: నడిబొడ్డున తోపులాట. నా పెద్ద దళం వలయంలోకి చేరింది. ఈసారి జెండా వీరుణ్ణి దాని వెనుక నుంచి కదలనివ్వలేదు. ఎడమ వైపు నుంచి 20 మంది దళం ఒకటి వచ్చి కలిసింది. ఐదవ వంతులో నా ఫిరంగి ఎట్టకేలకు గురి కుదిరి వాళ్ల రాజును పడగొట్టింది. దాని విలువ అప్పుడు నాకు తెలియలేదు. అప్పుడే నువ్వు వచ్చి నిలబడ్డావు.

అక్క: నేను వచ్చేసరికి నీ గడియారంలో నాలుగు నిమిషాలున్నాయి. నీ చేతులు వణుకుతున్నాయి.

తమ్ముడు: ఆయన ఆరవ వంతు. మమ్మీలు ఎదురుగా వచ్చి నా పెద్ద దళాన్ని కొట్టాయి. ఖాతాలో మొత్తం 16 గాయాలు. ఆ దళానికి రెండు అంకెలున్నాయి, 21, 23. మొత్తం 23కు చేరితే చెదిరిపోతుంది. 21, 22 అయితే తడబడుతుంది, అంటే నిలుస్తుంది కానీ నా వంతులో దాడి చేయలేదు. ఆయన పాచికలు వేశారు. 8. మొత్తం 24. నేను దళాన్ని బల్ల మీద నుంచి తీయడానికి చేయి చాపాను.

అక్క: నేను కూడా అయిపోయిందనే అనుకున్నాను. బయటివాళ్లు నోరు విప్పకూడదు కాబట్టి మాట్లాడలేదు కానీ, నిజానికి నాకూ గుర్తు రాలేదు.

తమ్ముడు: ఆయన నా చేతికి తన చేయి అడ్డం పెట్టారు. "మీ జెండా వీరుడు ఇక్కడే ఉన్నాడు కదా, కొలవండి" అన్నారు. కొలిస్తే 2 అంగుళాలు. "అయితే నేను మళ్లీ వేయాలి" అని పాచికలు తీసుకున్నారు. ఆ క్షణంలో ఆయన నోరు మెదపకుండా ఉంటే ఆట ఆయనదే. ఎవరూ తప్పుపట్టే వాళ్లు కూడా కాదు, ఎందుకంటే ఎవరికీ గుర్తులేదు. చివరి రౌండు అది, గెలిస్తే పట్టికలో ఆయన పైకి వెళతారు.

అక్క: మళ్లీ వేస్తే?

తమ్ముడు: నాకు కావలసింది దళం చెదరకపోవడం ఒక్కటే కాదు. తడబడినా ఓటమే, తిరిగి కొట్టలేను కాబట్టి. 4 గానీ అంతకంటే తక్కువ గానీ పడాలి. 36లో 6 సార్లు మాత్రమే అలా పడుతుంది. ఒకటి, మూడు పడ్డాయి. 16కు 4 కలిపితే 20.

అక్క: 21కి ఒకటి తక్కువ! నేను అరిచాను, పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు.

తమ్ముడు: ఇక నా ఆరవ వంతు, గడియారంలో మూడు నిమిషాలు. వలయంలో ఆయనకు జోంబీలు 4, మమ్మీలు 3, అస్థిపంజరాల దళం 3, మొత్తం 10. నాకు పెద్ద దళం 4, చిన్న దళం 3, మొత్తం 7. మమ్మీలు పోతే సమానం. తిరిగి దాడి చేశాను. 25 పాచికలు వేస్తే 13 తగిలాయి, వాటిలో 5 గాయాలయ్యాయి. పాతవి కలుపుకుంటే మమ్మీలు చెదరడానికి 7 కావాలి. వేశాను, 9. వాళ్లకూ మళ్లీ వేయించే వీరుడు ఉండేవాడే, ఆ రాజు. ఐదవ వంతులో ఫిరంగి చేసిన పని అక్కడ కలిసొచ్చింది. మమ్మీల పీఠాన్ని బల్ల మీద నుంచి ఆయన కాదు, నేను తీశాను. దీపం ఎక్కడ విరుగుతుందోనని రెండు చేతులతో పట్టుకుని ఆయనకు అందించాను.

అక్క: ఆరు వంతులయ్యాక ఇంకో వంతు ఉందో లేదో తేల్చే పాచిక ఒకటుంది. 4 ఆ పైన పడితే ఇంకొక వంతు.

తమ్ముడు: 2 పడింది. ఆట ఆగింది. 7కు 7. పాయింట్లు చెరి సగం. ఉత్తమ ప్రత్యర్థికి ఓటు వేసే కాగితం మీద ఎవరి పేరు రాయాలో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

అక్క: ఆ తరువాత మీరిద్దరూ బల్ల వదలలేదు. బహుమతులు ఇచ్చేస్తున్నారు, నేను వచ్చి పిలిచాను కూడా.

తమ్ముడు: రెండవ వంతును మళ్లీ పెట్టి చూశాం. ఆయనే అడిగారు. ఇద్దరి జ్ఞాపకాలూ కలిపి దళాలన్నీ ఎక్కడివక్కడ సర్దాం. ఈసారి కూడా రైడర్లను జోంబీల మీదకు వదిలాను, నువ్వు అన్నట్టే. కానీ జెండా వీరుణ్ణి రెండింతల నడకతో 8 అంగుళాలు తెచ్చి రైడర్ల పక్కన నిలబెట్టాను. మమ్మీలు వచ్చి తిరగాల్సిన జాగాలో అతను ఉన్నాడు. ఆయన చాలాసేపు టేపు అటూ ఇటూ పెట్టి చూశారు. చివరకు మమ్మీలు నిలబడగలిగిన చోటు ఇంకా వెనకాల, 7 అంగుళాల దూరంలో దొరికింది.

అక్క: 8 పాచికల్లో 7 విజయాలు. 256లో 9 సార్లు.

తమ్ముడు: అయినా వేస్తానన్నారు. వేశారు. 6 పడ్డాయి.