వెల్డింగ్ మెషీన్ కొనే ముందు వెనక ప్లేటు చదవండి

నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ బల్ల మీద రెండు ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్లు, అంటే లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే రకం, ఉన్నాయి. ఎడమ వైపు దాని మీద పెద్ద అక్షరాలతో 200 అని ఉంది, కుడి వైపు దాని మీద 160 అని ఉంది. అవి అతికించడానికి ఇచ్చే కరెంటు, ఆంపియర్లలో. దుకాణంలో అడిగితే ఎక్కువమంది 200 తీసుకోమనే చెబుతారు. ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు. ఇంటి వెనక చిన్న షెడ్డు వేసుకుని కూలర్ స్టాండో, మొక్కల పందిరో, చిన్న గేటో సొంతంగా చేసుకోవాలనుకునేవారికి ఈ రెండింటిలో ఏది పనికొస్తుందో ఇప్పుడు చూద్దాం.

కంపెనీ పేర్లు కనబడకుండా టేపు అంటించాను. కారణం ఉంది. ఈ ధరలో దొరికే మెషీన్లలో ఒకే రకం బోర్డు రకరకాల పేర్లతో, రంగులతో అమ్ముడవుతోంది. పేరు చెబితే అదొక్కటే గుర్తుంటుంది. ఏం చూడాలో తెలిస్తే ఏ దుకాణానికైనా ధైర్యంగా వెళ్లవచ్చు.

మెషీన్‌ను ఇలా వెనక్కి తిప్పుతున్నాను. ఈ ప్లేటును దగ్గరగా చూడండి. ఎక్స్ అనే అక్షరం పక్కన శాతాలు ఉన్నాయి. దీన్నే డ్యూటీ సైకిల్ అంటారు. లెక్క 10 నిమిషాలకు కడతారు. ఈ 160 మెషీన్ ప్లేటు మీద 160 ఆంపియర్ల దగ్గర 30 శాతం అని ఉంది. అంటే 10 నిమిషాల్లో 3 నిమిషాలు అతికించి, 7 నిమిషాలు దాన్ని చల్లబడనివ్వాలి. ఇప్పుడు 200 మెషీన్ ప్లేటు చూడండి. 200 దగ్గర 20 శాతమే. 2 నిమిషాల పని, 8 నిమిషాల విశ్రాంతి.

పక్క గడిలోకి రండి. 100 శాతం దగ్గర, అంటే ఆపకుండా నడిపితే, 160 మెషీన్ ఇచ్చేది 88 ఆంపియర్లు. 200 మెషీన్ ఇచ్చేది 89. ఒక్క ఆంపియర్ తేడా! వేడి కరెంటు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, 160ని 160తో గుణించి అందులో 30 శాతం తీసినా, 200ని 200తో గుణించి 20 శాతం తీసినా దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. మీరే ఫోనులో లెక్క వేసి చూడండి. ముందు వైపు అంకెలు వేరైనా, ఆపకుండా నడిపే సత్తా రెండింటిదీ దాదాపు ఒకటే. ప్లేటు మీద డ్యూటీ సైకిల్ అసలు రాయని మెషీన్లు కూడా బజారులో ఉన్నాయి. అలాంటివి ఎంత చవకగా వచ్చినా నేను కొనను, మీరూ కొనవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ శాతాలను ఏ వేడిలో కొలిచారన్నది ఇంకో ముఖ్య విషయం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 40 డిగ్రీల వాతావరణంలో కొలవాలి. కొందరు 25 డిగ్రీల దగ్గర కొలిచి పెద్ద అంకె వేస్తారు. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువే ఉంటుంది. మా షెడ్డులో మధ్యాహ్నం పూట ఈ 200 మెషీన్‌ను పూర్తిగా పెంచి వాడితే, చెప్పిన 2 నిమిషాలు కూడా నిండకముందే పసుపు రంగు హీట్ లైటు వెలిగి ఆగిపోయింది. కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామున లేదా సాయంత్రం పని పెట్టుకోండి. ఫ్యాన్ ఉన్న వైపు గోడకు ఆనించకండి. గ్రైండర్ పొడి నేరుగా మెషీన్ మీద పడనివ్వకండి. ఆ పొడి ఇనుమే కదా, బోర్డు మీద చేరితే షార్ట్ అవుతుంది.

ఇక ఇంటి కరెంటు. చాలామంది మెషీన్ ఎంచుకోవడానికే సమయమంతా పెట్టి, దీన్ని వదిలేస్తారు. కరిగి అతుకు వేసే రాడ్లకు మందాన్ని బట్టి నంబర్లు ఉంటాయి, నంబరు తగ్గేకొద్దీ రాడ్డు లావు. 12 నంబరు రాడ్డు, అంటే సుమారు 2.5 మిల్లీమీటర్లది, 80 ఆంపియర్ల దగ్గర చక్కగా కాలుతుంది. అప్పుడు ఇలాంటి మామూలు ఇన్వర్టర్ గోడ నుంచి సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది. పవర్ ప్లగ్గు పాయింటు తట్టుకుంటుంది. అదే 10 నంబరు రాడ్డు పెట్టి 120 దాకా పెంచితే లాగేది 25 దగ్గరికి వెళ్తుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు పిన్నులు నల్లబడేది అక్కడే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరు బోర్డు నుంచి షెడ్డుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 25 ఆంపియర్ల సీ రకం ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్ పెట్టించండి. మీ ఇంటికి మంజూరైన లోడ్ ఎన్ని కిలోవాట్లో కరెంటు బిల్లు మీద ఉంటుంది, ముందు అది చూడండి. తక్కువగా ఉంటే విద్యుత్ సంస్థలో పెంచుకోండి.

ఊళ్లలో ఉండేవారికి మరో మాట. యాసంగిలో మోటార్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ తగ్గినప్పుడు మెషీన్ అంతే పని కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజీ 160, 170 దాకా పడిపోయినా పని చేస్తుందని ప్లేటు మీదో, పుస్తకంలోనో రాసి ఉన్నదే తీసుకోండి. ములుగు, భూపాలపల్లి, జనగామ వైపు నుంచి చూస్తున్నవారు ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

ఇప్పుడు అతికించి చూద్దాం. ఇది 16 గేజి స్క్వేర్ పైపు, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. ఇంటి పనుల్లో ఎక్కువగా వాడేది ఇదే, త్వరగా చిల్లు పడేదీ ఇదే. 14 నంబరు సన్న రాడ్డు, మామూలు పనులకు వాడే 6013 రకం, తీసుకుని 50 ఆంపియర్ల దగ్గర పెట్టాను. రాడ్డును పట్టుకునే హోల్డర్‌ను మైనస్‌కు, పైపుకు పెట్టే ఎర్త్ క్లాంపును ప్లస్‌కు తగిలించాను. ఇలా చేస్తే పైపులోకి వేడి కాస్త తక్కువగా దిగుతుంది. ముందు 160తో. చూశారా, రాడ్డు తాకగానే వెలిగింది, అతుకు సన్నగా, సమంగా వచ్చింది. అతుకు మీద పేరుకునే పెంకు, అదే స్లాగ్, కొడితే పెచ్చులుగా ఊడిపోతోంది.

ఇప్పుడు 200తో, అదే అమరిక. వెలిగించిన చోటే చిల్లు పడింది. దీనిలో హాట్ స్టార్ట్ ఎక్కువగా, మార్చడానికి వీల్లేకుండా పెట్టారు. రాడ్డు అంటుకోకుండా మొదట్లో కాసేపు అదనపు కరెంటు ఇవ్వడమే హాట్ స్టార్ట్. మందపాటి యాంగ్లర్‌కు, అంటే ఎల్ ఆకారపు ఇనుప బద్దకు, అది మేలు చేస్తుంది, పలుచటి పైపును కాల్చేస్తుంది. మీరు చేయబోయేది ఎక్కువగా పైపు పని అయితే, హాట్ స్టార్ట్‌ను తగ్గించుకునే వీలున్న మెషీన్ అడగండి. నా ఓటు 160కే.

డబ్బాలో వచ్చిన వైర్లను కూడా పరీక్షించండి. చివర కాస్త ఒలిచి ఒక తీగను చాకుతో గీరండి. ఇదిగో, పైన ఎర్రగా ఉంది, లోపల తెల్లగా మెరుస్తోంది. అల్యూమినియం తీగకు రాగి పూత వేశారు. చిన్న పనికి నడుస్తుంది కానీ త్వరగా వేడెక్కుతుంది, క్లాంపు దగ్గర వదులవుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి కేబుల్, బరువైన ఎర్త్ క్లాంపు మార్చుకుంటే అదే మెషీన్ మంచి మెషీన్‌లా నడుస్తుంది.

మిగిలిన డబ్బు ముసుగు మీద పెట్టండి. చేత్తో పట్టుకునే నల్లద్దం కన్నా, వెలుగు పడగానే తనంతట తాను నల్లబడే హెల్మెట్ కొత్తవారికి చాలా మేలు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. 9 నుంచి 13 దాకా షేడ్, అంటే అద్దం నలుపు, మార్చుకునేది చూడండి. చల్లటి వెలుగులా కనబడే ఈ ఆర్క్‌ను ఒక్కసారి నేరుగా చూసినా కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది. పిల్లలు ఉన్న ఇల్లయితే షెడ్డుకు అడ్డంగా మందపాటి తడక లేదా రేకు కట్టి తీరాలి.

జీఐ పైపు మీద ఉండే తెల్లటి పూత జింకు. దాన్ని గ్రైండర్‌తో తీయకుండా కాల్చితే వచ్చే తెల్ల పొగ పీల్చినవారికి ఆ సాయంత్రం చలి, జ్వరం వస్తాయి. పాలు తాగితే పోతుందని చాలా షెడ్లలో నమ్ముతారు. పాలు పొట్టలోకి వెళ్తాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దయచేసి పూత తీసి, గాలి తగిలే చోట పని చేయండి. చెమటతో తడిసిన చొక్కా, రబ్బరు చెప్పులతో హోల్డర్ పట్టుకోకండి. రాడ్డు వెలగనప్పుడు కూడా దాని కొన దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. వీఆర్‌డీ అనే ఏర్పాటు ఉన్న మెషీన్ ఆ వోల్టేజీని బాగా తగ్గిస్తుంది. నేనైతే దాని కోసం కొంచెం ఎక్కువ ఇవ్వడానికైనా సిద్ధం.

రాడ్డు బదులు చుట్ట నుంచి వైరు తనంతట తాను వచ్చే మిగ్ మెషీన్ గురించి చాలామంది అడిగారు. గ్యాస్ లేకుండా ఫ్లక్స్ వైరుతో (లోపల మందు నింపిన వైరు) నడిచేవి పలుచటి రేకుకు సులువు. ధర ఎక్కువ, వైరు చుట్ట వానల్లో తుప్పు పడుతుంది. కరగని టంగ్‌స్టన్ కొనతో అతికించే టిగ్‌కు ఆర్గాన్ గ్యాస్ సిలిండర్ కావాలి, మొదటి మెషీన్‌గా వద్దు. పాత కాయిల్ మెషీన్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ రకం, గట్టిదే కానీ మన ఇంటి మీటరుకు బరువు.

కొనేటప్పుడు దుకాణదారును ఒక్క ప్రశ్న అడగండి: బోర్డు పోతే ఎక్కడ బాగు చేస్తారు, ఎన్ని రోజులు పడుతుంది? వరంగల్‌లోనే అయితే సరే. వేరే రాష్ట్రానికి పంపాలంటే ఆలోచించండి. రాడ్ల ప్యాకెట్ మీద ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి, విప్పాక మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి. వచ్చే వారం ఈ రెండు మెషీన్లనూ విప్పి లోపలి బోర్డులు చూపిస్తాను. మీ ఇంటి లోడ్ ఎంతో, మొదట ఏం చేయాలనుకుంటున్నారో కామెంట్లలో రాయండి, మీకు ఏ సైజు చాలో లెక్క కట్టి చెబుతాను.