హనుమకొండలో కాఫీ: ముందు నీళ్ల సంగతి చూద్దాం

నమస్తే అండీ. ఇవాళ్టి వీడియోలో వేయి స్తంభాల గుడి లేదు, భద్రకాళి చెరువు కట్ట లేదు, చీరల షాపింగ్ అసలే లేదు. హనుమకొండలో మా అత్తగారింటి వంటగదిలో ఉన్నాను, కాఫీ పెడుతున్నాను. డల్లాస్‌లో మా ఇంట్లో ఉన్న మిషను లేకుండా ఇక్కడ ఎలా అని చాలామంది అడుగుతుంటారు. పొడి తాజాగా ఉండి, నీళ్లు బాగుంటే మిషనుకు మిగిలే పని కొంచెమే.

మా అత్తమ్మది చాయ్ పక్షం. ఈ ఇంట్లో ఫిల్టర్ ఉందంటే అది మామయ్య పుణ్యమే. కాజీపేట రైల్వేలో పనిచేసిన రోజుల్లో తోటి తమిళ ఉద్యోగుల ఇళ్లలో తాగి అలవాటు చేసుకున్నారట. ఇదిగో ఆ ఇత్తడి ఫిల్టర్. పై గిన్నె అడుగున సన్నని రంధ్రాలున్నాయి కదా, కొన్ని పూడుకుపోయి ఉంటే పొద్దున్నే వేడి నీళ్లలో నానబెట్టి, సూదితో పొడిచి శుభ్రం చేశాను. డికాక్షన్ దిగడం లేదని పొడిని తిట్టుకునేవాళ్లు ముందు వీటిని వెలుతురుకు ఎత్తి చూడండి.

ఇప్పుడు నీళ్లు. ఈ గ్లాసులో మా బోరు నీళ్లు. కెటిల్ అడుగున ఈ తెల్లటి పొర చూశారా, గోటితో గీకితే పెచ్చులుగా వస్తోంది. నీళ్లలోని సున్నం అది. ఇలాంటి నీళ్లలో ఉండే బైకార్బొనేట్లు కాఫీలోని సన్నని పులుపును చంపేస్తాయి, రుచి చప్పబడిపోతుంది. పక్క గ్లాసులో క్యాన్ నీళ్లు, ఆర్‌ఓ చేసినవి. వీటిది రెండో తంటా: ఖనిజాలు బాగా తగ్గిపోవడంతో కాఫీ పలచగా, కాస్త పుల్లగా అనిపిస్తుంది. మూడోది కుళాయి నీళ్లు. వరంగల్‌కు ధర్మసాగర్ లాంటి చెరువుల నీటిని శుద్ధి చేసి పంపుతారు. ఒకే పొడి, ఒకే కొలత, మూడు నీళ్లు: పాలు లేకుండా తాగి చూస్తే నాకు కుళాయి నీళ్లే నచ్చాయి. అవి రాని రోజు క్యాన్ నీళ్లలో కొద్దిగా బోరు నీళ్లు కలుపుతాను. మామయ్య మూడూ రుచి చూసి, పాలు పోస్తే అన్నీ ఒకటే అన్నారు. ఆయన మాటా కొట్టిపారేసేది కాదు, పాలు చాలా తేడాలను కప్పేస్తాయి.

గింజలు అరకువి, అరబికా రకం. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతి గ్రైండర్ మాత్రం డల్లాస్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నాను. పొడి బొంబాయి రవ్వ కంటే మెత్తగా, గోధుమపిండి కంటే బరకగా ఉండాలి. వేయించిన గింజల్లో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అందుకే తాజా పొడి మీద వేడి నీళ్లు పడగానే బుసబుస పొంగుతుంది. పొంగు రాలేదంటే పొడి పాతబడిందనే అర్థం. మన ఎండల్లో అయితే పెద్ద ప్యాకెట్ కొననే కొనకండి. ఫ్రిజ్‌లోంచి మాటిమాటికీ తీసి పెడుతుంటే పొడికి చెమ్మ పడుతుంది.

చికరీ అంటే కల్తీ అని ముఖం చిట్లించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేయించిన వేరు పొడి అది, అందులో కెఫీన్ ఉండదు, డికాక్షన్‌కు చిక్కదనం, రంగు ఇస్తుంది. చికరీ కలిపిన ప్యాకెట్‌లో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దేశంలో నిబంధన. ఎంతెంత కలిపారో ప్యాకెట్ మీదే ఉంటుంది, చదివి కొనండి. పాలతో తాగేవాళ్లకు ఐదో వంతు చికరీ బాగుంటుందని నా లెక్క. పాలు లేకుండా తాగేవాళ్లకు అసలు వద్దు.

20 గ్రాముల పొడి వేసి, చదును చేసి, పైన ఈ బిళ్లతో తేలిగ్గా అదమాలి. గట్టిగా నొక్కితే చుక్క దిగదు. మరిగిన నీళ్లను అర నిమిషం ఆగనిచ్చి ముందు పొడి తడిసేంత, పొంగు కాస్త తగ్గాక మిగతావి, అన్నీ కలిపి 120 మిల్లీలీటర్లు పోయాలి. మూత పెట్టి పావుగంటకు పైనే వదిలేయండి. "ఇంత తతంగమా అమ్మా, ఈలోపు రెండుసార్లు చాయ్ తాగొచ్చు" అని అత్తమ్మ అప్పుడే గిన్నె పొయ్యి మీద పెట్టేశారు.

ఇక్కడి గేదె పాలు చిక్కన, అందుకే డికాక్షన్ కాస్త ఎక్కువే పడుతుంది. పాలు ఒక్క పొంగు రాగానే దించాలి. డికాక్షన్ కలిపాక మళ్లీ పొయ్యి మీద పెట్టొద్దు, చేదెక్కుతుంది. మిగిలిన డికాక్షన్ ఫ్రిజ్‌లో ఉంచి సాయంత్రం వేడి పాలలో కలుపుకోవచ్చు.

రేపు అందరం కలిసి రామప్ప వెళ్తున్నాం. ఫ్లాస్కులో పోసిన కాఫీ గంటలోనే వాసన పోగొట్టుకుంటుంది కాబట్టి, దారిలో అత్తమ్మ చాయే తాగుతాం. ఆ మాట చెప్పగానే ఆవిడ ఇంకో పెద్ద ఫ్లాస్కు దించారు.