సేన్ మాలో వేదిక మీద ప్రపంచపు ఫ్రెంచి

సభకు నమస్కారం.

2023లో ఢిల్లీ ప్రపంచ పుస్తక ప్రదర్శనకు ఫ్రాన్సు అతిథి దేశంగా వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే నోబెల్ అందుకున్న ఆనీ ఎర్నో ఆ ప్రదర్శనలో పాఠకుల ముందు కూర్చున్నారు. ఆమె రావడం మంచి విషయం. అయితే ఫ్రెంచి రచయితలు అనగానే ప్యారిస్‌లో విమానమెక్కి వచ్చేవాళ్లే మన కళ్ల ముందు మెదులుతారు. అదే భాషలో రాసేవాళ్లు హైతీలో, సెనెగల్‌లో, కాంగోలో, లెబనాన్‌లో, మారిషస్‌లో పుట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు పెద్దపీట వేసిన ఒక ఊరి గురించి, ఆ వేదిక లేవనెత్తిన ఒక పేచీ గురించి చెప్పాలని వచ్చాను.

ఆ ఊరి పేరు సేన్ మాలో. ఫ్రాన్సుకు పడమటి కొసన, బ్రిటనీ తీరంలో, చుట్టూ కోటగోడ ఉన్న రేవుపట్నం. ఒకప్పుడు ఓడదొంగతనానికి రాజముద్ర వేయించుకున్న నావికులు అక్కడ ఉండేవారు. 1534లో జాక్ కార్తియే కెనడా వైపు తెరచాప ఎత్తింది అక్కడి నుంచే. రచయిత షతోబ్రియాన్ పుట్టింది ఆ ఊళ్లోనే. ఊరికి ఎదురుగా ఉన్న చిన్న దీవి మీద ఆయన సమాధి ఉంది, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే అక్కడికి నడిచి వెళ్లగలం.

1990లో మిషెల్ ల బ్రీ అనే రచయిత ఇక్కడ ఒక సాహిత్య ఉత్సవం మొదలుపెట్టారు. యౌవనంలో వామపక్ష పత్రికకు సంపాదకుడిగా ఉండి 1970లో జైలుకు వెళ్లిన మనిషి ఆయన. తర్వాత సముద్రయానాల కథల మీద, ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన స్టీవెన్‌సన్ మీద ప్రేమతో బతికారు. ప్యారిస్ నవల తనలోకి తాను చూసుకుంటూ గదిలోనే ఉండిపోతోందనీ, కిటికీలు తెరవాలనీ ఆయన తపన. ఉత్సవానికి పేరు ఫ్రెంచి కవి బోద్‌లేర్ పద్యం నుంచి తీసుకున్నారు: ‘ఎతొనాన్ వ్వాయజర్’, అంటే అబ్బురపరిచే యాత్రికులు. ఏటా పెంతెకొస్తు పండుగ సెలవుల్లో జరుగుతుంది. 2021లో ల బ్రీ కన్నుమూశారు, ఉత్సవం మాత్రం ఆగలేదు.

మొదట్లో అది యాత్రారచనల పండుగ. యాత్రలకు వెళ్లివచ్చిన ఫ్రెంచివాళ్లు తాము చూసిన లోకాన్ని చెప్పేవారు. క్రమంగా ఆ లోకంలో పుట్టినవాళ్లే వేదిక ఎక్కారు. 2001 నుంచి మాలి దేశపు బమాకోలోనూ ఈ ఉత్సవం జరిగింది. 2007 డిసెంబరులో హైతీ రాజధాని పోర్టొ ప్రిన్స్‌కు, 2013లో కాంగోలోని బ్రజవిల్‌కు వెళ్లింది. బ్రజవిల్ సభలను ల బ్రీతో కలిసి నడిపింది ఆ దేశంలో పుట్టిన నవలాకారుడు ఆలాన్ మబాంకు. అతిథి ఆతిథేయి కావడం చిన్న మార్పేమీ కాదు.

ఇప్పుడు పేచీ దగ్గరికి వస్తాను. 2006 శరదృతువులో ఫ్రాన్సు పెద్ద బహుమతులన్నీ దాదాపుగా బయట పుట్టినవాళ్లకే వచ్చాయి. గోంకూర్ అమెరికాలో పుట్టిన జొనాథన్ లిటెల్‌కు, రెనోదో మబాంకుకు, ఫెమినా కెనడాలో పుట్టిన నాన్సీ హ్యూస్టన్‌కు, ఉన్నత పాఠశాలల విద్యార్థులు ఎంపిక చేసే గోంకూర్ కామెరూన్ రచయిత్రి లెయొనోరా మియానోకు దక్కాయి. మరుసటి ఏడాది మార్చి 16న ‘ల మోంద్’ పత్రికలో 44 మంది రచయితలు ఒక ప్రకటన చేశారు. దాని వెనక ల బ్రీ, నవలాకారుడు జాన్ రువో ఉన్నారు. సంతకాలు చేసినవాళ్లలో గ్వాడెలూప్ రచయిత్రి మరీజ్ కోందే, మార్టినిక్ కవి ఎదువార్ గ్లీసాన్, లెబనాన్‌లో పుట్టిన అమీన్ మాలూఫ్, హైతీ నుంచి దానీ లాఫెర్యేర్, మరుసటి ఏడాది నోబెల్ అందుకోబోయే ల క్లెజియో ఉన్నారు. వాళ్ల వాదన సూటిగా ఉంది: ఫ్రాన్సులో పుట్టినవాడిని ‘ఫ్రెంచి రచయిత’ అనీ, మిగిలినవాళ్లను ‘ఫ్రాంకొఫోన్ రచయిత’ (ఫ్రెంచి మాట్లాడే రచయిత) అనీ వేరే పంక్తిలో కూర్చోబెట్టడం చాలించండి. కేంద్రం ఇక ప్యారిస్ కాదు, ఫ్రెంచిలో రాసే ప్రపంచ సాహిత్యం ఒకటే.

పెద్ద దుమారమే లేచింది. ఫ్రాంకొఫోన్ దేశాల సంస్థకు అప్పటి ప్రధాన కార్యదర్శి, సెనెగల్ మాజీ అధ్యక్షుడు అబ్దూ ద్యూఫ్ నొచ్చుకుని అదే పత్రికలో జవాబిచ్చారు. మరో అభ్యంతరం ఇంతకంటే పదునైనది: కేంద్రం పోయిందంటున్న ఈ ప్రకటన అచ్చయింది ప్యారిస్ పత్రికలో, తర్వాత వచ్చిన పుస్తకాన్ని వేసింది ప్యారిస్ ప్రచురణ సంస్థ గాలిమార్. ఆ మాట నిజమే. పుస్తకం ఎవరు అచ్చేస్తారు, ఎవరు అమ్ముతారు అన్నది తేలకుండా వేదిక మీద సమానత్వం వస్తే సగమే వచ్చినట్టు. అయినా ఆ ప్రకటన ఊరికే పోలేదని నా నమ్మకం. సెనెగల్ యువకుడు మహమ్మద్ ఎంబుగర్ సార్‌కు 2018లో ఈ ఉత్సవమే తన బహుమతి ఇచ్చింది. 2021లో ఆయనకు గోంకూర్ వచ్చింది, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా రచయితకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ నవలను ప్యారిస్ సంస్థతో కలిసి ప్రచురించింది సెనెగల్ రాజధాని డకార్‌లోని జిమ్సాన్ అనే చిన్న సంస్థ. 2007లో అడిగిన ప్రశ్నకు ఒక మంచి జవాబు ఆ పుస్తకం అట్ట మీదే అచ్చయింది.

నన్ను అన్నిటికంటే కదిలించిన ఘట్టం హైతీది. అక్కడ రెండోసారి ఉత్సవం 2010 జనవరి 14న మొదలు కావాలి. రచయితలు ముందుగానే చేరుకుంటున్నారు. 12వ తేదీ సాయంత్రం లాఫెర్యేర్ హోటల్లో మాంట్రియల్ ప్రచురణకర్త రోద్నే సేంతెలువాతో కలిసి భోజనానికి కూర్చున్నారు. తెప్పించిన వంటకం ఇంకా రాలేదు. 4 గంటల 53 నిమిషాలకు భూమి కంపించింది. లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. రచయిత, భూగోళ శాస్త్రవేత్త జార్జ్ ఆంగ్లాద్, ఆయన భార్య చనిపోయినవాళ్లలో ఉన్నారు. ఆ రాత్రి హోటల్ టెన్నిస్ మైదానంలో, ఆకాశం కింద, అతిథులూ సిబ్బందీ కలిసి పడుకున్నారు. ప్రయాణాల్లో లాఫెర్యేర్ పాస్‌పోర్టునూ, ఒక నల్ల నోటు పుస్తకాన్నీ ఒంటిమీదే ఉంచుకుంటారు. ఆ పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ రాతలే అదే ఏడాది పుస్తకంగా వచ్చాయి.

ప్రపంచ మాధ్యమాలు వచ్చి హైతీ శాపగ్రస్తమైన దేశమని చెబుతుంటే ఆయన ఒప్పుకోలేదు. 1804లో బానిసలు తిరగబడి సాధించుకున్న స్వాతంత్ర్యాన్ని గుర్తుచేశారు. శాపమంటే ఏదో నేరం ఉండాలి కదా, ఈ దేశం చేసిన నేరమేమిటని ఆయన ఆవేదన. అన్నీ కూలినప్పుడు మిగిలేది సంస్కృతి అన్నారు. అలా అనడానికి ఆయనకు అర్హత ఉంది: ఆ నగరంలో పుట్టి, నియంతృత్వంలో మిత్రుణ్ణి పోగొట్టుకుని, 1976లో మాంట్రియల్‌కు వెళ్లి కర్మాగారాల్లో పనిచేసిన మనిషి. 2013లో ఫ్రెంచి అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. వాయిదా పడ్డ ఉత్సవం 2012 ఫిబ్రవరిలో పోర్టొ ప్రిన్స్‌లోనే జరిగింది. అప్పటికింకా వేలమంది గుడారాల్లో ఉన్నారు. ఇలాంటప్పుడు కవిత్వమెందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ఊరి రచయితలు కావాలన్నారు, నాకు ఆ మాట చాలు.

సభలు నిర్వహించే మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. ప్యారిస్ రచయిత వేదిక ఎక్కితే వాక్యం ఎలా కట్టావని అడుగుతారు. కాంగో రచయిత ఎక్కితే మీ దేశంలో యుద్ధం ఎప్పుడు ఆగుతుందని అడుగుతారు. ఇద్దరూ నవలలే రాశారు, ఒకరు కళాకారుడు, మరొకరు సాక్షి అయిపోతారు. లాఫెర్యేర్ దీనికి ఏకంగా ఒక నవలతో జవాబు చెప్పారు, దాని పేరు ‘నేనొక జపాన్ రచయితను’. మంచి ఉత్సవాన్ని గుర్తుపట్టడానికి నేను అతిథుల జాబితా చూడను, సంధానకర్త చేతిలో అతిథి రాసిన పుస్తకం ఉందా, అది చదివిన పుస్తకమేనా అని చూస్తాను.

ఆ 44 సంతకాల్లో ఒకటి ఆనంద దేవిది. మారిషస్‌లో పుట్టిన ఈమెది తెలుగు మూలాలున్న కుటుంబం, రాసేది ఫ్రెంచిలో. 2006లో వచ్చిన ఆమె నవల ‘ఈవ్ ద సే దెకోంబ్ర్’ పోర్ట్ లూయిస్ శివార్లలోని ఒక పేదపేటలో నలుగురు యువతీయువకుల గొంతులతో నడుస్తుంది. వాళ్లలో ఒక కుర్రవాడు రింబో కవిత్వం చదివి గోడల మీద రాస్తుంటాడు. పర్యాటకుల పోస్టర్లలో కనిపించే నీలి సముద్రం ఆ పుస్తకంలో ఎక్కడా ఊరట ఇవ్వదు. ఆమెకు 2024 నోయిస్టాట్ అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. తెలుగు నేల మీద జరిగే సభకు ఆమెను పిలవాలని నా కోరిక. పిలిచిన రోజున ‘మీకు తెలుగు వచ్చా, మీ పూర్వీకులది ఏ జిల్లా’ అని మొదలుపెట్టవద్దు. ఈవ్ గురించి, సావిత గురించి, ఆ నాలుగు గొంతులను ఒక్క చేత్తో ఎలా రాశారన్నదాని గురించి అడుగుదాం. నవల ఇంగ్లీషులో దొరుకుతుంది. ఫ్రెంచి తెలిసినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లలో ఒకరు తెలుగు చేయడానికి ముందుకొస్తే ప్రతి అధ్యాయం పక్కన కూర్చుని సరిచూసే పని నేను చేస్తాను.