“గ్యాసే లెండి” అనుకునే ముందు

నమస్కారం. విజయవాడ సూర్యారావుపేటలో 27 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని నేను. డాక్టరును కాను. అయితే జబ్బు పడిన మనిషి ఆసుపత్రి గడప తొక్కే ముందు ఆగే చోటు మా కౌంటరే కనుక, ఎవరు ఎంత ఆలస్యం చేసి వస్తారో, ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో దగ్గరి నుంచి చూశాను. ఏ లక్షణం కనిపిస్తే అర్ధరాత్రయినా పరుగెత్తాలి, దేనికి తెల్లవారేదాకా ఆగవచ్చు అన్నదే ఈ వీడియో విషయం.

మూడేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన వారంలో ఒకరోజు ఉదయం 7 గంటలకు నేను షట్టరు ఎత్తుతుండగా, యాభై దాటిన ఒకాయన స్కూటరుకు స్టాండు వేసి వచ్చి, “బాబాయ్, గ్యాస్ పట్టేసింది, మంచి బిళ్ళ ఏదన్నా ఇవ్వండి” అన్నారు. చలికి నేను మఫ్లరు చుట్టుకుని ఉన్నాను. ఆయన చొక్కా మాత్రం వీపుకు అతుక్కుపోయి ఉంది, జేబులోంచి తీసిన యాభై రూపాయల నోటు చెమటకు తడిసి మెత్తబడింది. నొప్పి ఎక్కడుందని అడిగితే వేలితో చూపించలేదు, అరచేతిని రొమ్ము మధ్యలో ఆనించి, “నొప్పని కాదు, రాయి పెట్టినట్టు బరువుగా ఉంది, దవడ లాగుతోంది” అన్నారు.

నేను గ్యాస్ బిళ్ళ ఇవ్వలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, ఆస్పిరిన్ పడకపోవడం, కడుపులో పుండు, రక్తం పడటం వంటివి ఏవీ లేవని అడిగి తెలుసుకుని, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమన్నాను. స్కూటరు తాళం చెవి నా దగ్గరే పెట్టుకుని, ఆటో పిలిచి, రెండు వీధుల అవతల ఉన్న ఆసుపత్రికి నేనే వెంట వెళ్లాను. ఈసీజీలో గుండెపోటని తేలింది, గంట తిరగకముందే స్టెంటు వేశారు. తరువాత తెలిసిందేమిటంటే, ఆ బరువు మొదలైంది తెల్లవారుజామున 3 గంటలకట. అప్పటి నుంచి ఒక ఈనో, ఒక గోలీసోడా, ఇల్లాలు రాసిన నొప్పుల మందు, తెనాలిలో ఉన్న బావమరిదికి ఒక ఫోను, “రాత్రి గారెలు తిన్నావుగా బావా, గ్యాసే” అని ఆయన ఇచ్చిన తీర్పు, ఇన్ని పూర్తయ్యాకే స్కూటరు బయటికి తీశారు. నాలుగు గంటలు ఇంట్లోనే గడిచిపోయాయి. రక్తం అందని గుండె కండరం ఆ నాలుగు గంటలూ కొద్దికొద్దిగా చచ్చుబడుతూనే ఉంటుంది.

గుండెపోటు అనుమానంతో వచ్చిన మనిషికి 10 నిమిషాల లోపు ఈసీజీ తీయాలని, క్యాథ్‌ల్యాబ్, అంటే సన్నటి గొట్టం పంపి గుండె రక్తనాళాన్ని తెరిచే గది, ఉన్న ఆసుపత్రయితే 90 నిమిషాల లోపు మూసుకున్న రక్తనాళం తెరవాలని వైద్యులు తమకు తాము గడువులు పెట్టుకున్నారు. క్యాథ్‌ల్యాబ్ లేని చోట గడ్డను కరిగించే ఇంజెక్షను ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. వాళ్ల గడియారం మనం గడప దాటాక కదా మొదలయ్యేది! అంతకుముందు కాలమంతా మన చేతిలోనే కరిగిపోతుంది.

మన ఇళ్లలో జబ్బును నొప్పితో కొలిచే అలవాటుంది. ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే ఆసుపత్రి, ఓర్చుకోగలిగితే ఇల్లు. ఇన్నేళ్ల అనుభవంలో నాకు ఇంతకన్నా నమ్మరాని కొలబద్ద కనిపించలేదు. పంటి నొప్పి మనిషిని రాత్రంతా ఏడిపిస్తుంది కానీ సాధారణంగా ప్రాణం తీయదు. మధుమేహం ఉన్నవారికి, పెద్ద వయసువారికి, ఆడవాళ్లకు గుండెపోటు అసలు ఛాతీ నొప్పి లేకుండానే, ఆయాసంగానో వాంతిగానో చల్లటి చెమటగానో ఎన్నడూ లేని నీరసంగానో రావచ్చు. అందుకని నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇది ఎంత హఠాత్తుగా వచ్చింది? నిన్నటిదాకా చేసిన ఏ పనిని శరీరం ఇప్పుడు చేయలేకపోతోంది? ఊపిరి తీయడం, మాట్లాడటం, నిలబడటం, కన్ను తెరవడం, మనిషిని గుర్తుపట్టడం, మూత్రం పోవడం, వీటిలో ఏదో ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయినా తగ్గిపోయినా, నొప్పి ఉన్నా లేకపోయినా, అది ఆగదగిన వ్యవహారం కాదు.

పక్షవాతమే ఇందుకు ఉదాహరణ. అది చాలామందికి ఏ నొప్పీ లేకుండానే వస్తుంది. చేతిలోని కాఫీ గ్లాసు జారిపోతుంది, మూతి ఒక పక్కకు లాగుతుంది, మాట ముద్దగా వస్తుంది. నవ్వమనండి, రెండు చేతులూ ముందుకు చాపి పట్టుకోమనండి, ఇంటి చిరునామా చెప్పమనండి. మూతి వంకరపోయినా, ఒక చేయి కిందికి వాలిపోయినా, మాట తడబడినా ఇక చర్చ అక్కరలేదు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటల గడువుంది. ఆ గడువు మనం గమనించిన క్షణం నుంచి కాకుండా, మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన సమయం నుంచి లెక్కకు వస్తుంది. నిద్రలేవడమే ఆ స్థితిలో లేస్తే, పడుకున్న సమయం నుంచి లెక్క. కనుక ఆ సమయాన్ని ఎవరైనా ఒకరు కాగితం మీదో అరచేతిలోనో రాసుకోవాలి, డాక్టరు మొట్టమొదట అడిగేది అదే. గడువు దాటిందని ఇంట్లో ఉండిపోవడమూ పొరపాటే, ఎందుకంటే పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరికి 24 గంటల వరకు కూడా గొట్టం ద్వారా గడ్డను బయటికి తీసే అవకాశం ఉంటుంది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక మాట గట్టిగా చెప్పాలి. గుండెపోటులో మేలు చేసిన ఆస్పిరిన్‌ను పక్షవాతంలో మనంతట మనం వేయకూడదు. గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం కారినా బయటికి కనిపించే లక్షణాలు ఒకేలా ఉంటాయి, ఆ తేడాను సీటీ స్కాన్ మాత్రమే చెబుతుంది. రక్తం కారుతున్న మెదడుకు ఆస్పిరిన్ ఇస్తే అది ఇంకా కారుతుంది. అలాగే, “బీపీ పెరిగి మూతి వంకరపోయింది, నాలుక కింద పెట్టే బిళ్ళ ఇవ్వండి” అని పరుగెత్తుకొచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ సమయంలో బీపీని ఒక్కసారిగా పడగొడితే మెదడుకు అందే కాస్త రక్తమూ అందకుండా పోవచ్చు. గుటక సరిగా పడని మనిషి నోట్లో నీళ్లు పోసినా, కాఫీ పోసినా అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పసరు మందు కోసం కారు కట్టించుకుని ఊళ్లు తిరిగే సంగతి నేను విడిగా చెప్పనక్కరలేదు, గడువంతా ఆ దారిలోనే అయిపోతుంది.

పది నిమిషాలు చేయి పడిపోయి, మళ్లీ లేచిందనుకోండి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తరువాతి రెండు రోజుల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. తగ్గిపోయిందన్న మాట అక్కడ సెలవు చీటీ కాదు.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి. ఇంట్లో మిషనుతో చూసుకుని బీపీ 180 ఉందని రాత్రి పదకొండింటికి వణుకుతూ వచ్చేవారున్నారు. ఛాతీలో బరువు, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, మాట తడబాటు, ఒక పక్క బలహీనత వంటివి ఏవీ లేకపోతే, కాసేపు ప్రశాంతంగా కూర్చుని మళ్లీ చూసుకుని, త్వరలోనే డాక్టరును కలిస్తే సరిపోతుంది. అంకె కన్నా లక్షణం ముఖ్యం.

ఈ అంకెల పిచ్చి డెంగీలో మరీ ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు, నీళ్లు తీశాక జ్వరం బిళ్ళల కోసం మా షాపుకు వచ్చినవారిలో ఎక్కువమంది ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్నదే మాట్లాడేవారు, బొప్పాయి ఆకు రసం గురించి అడిగేవారు. డెంగీలో మోసం చేసేది జ్వరం తగ్గే సమయం. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగిన ఒకటి రెండు రోజుల్లోనే, రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోయి మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. కడుపులో ఆగని నొప్పి, వాంతులు ఆగకపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూడకుండా బయలుదేరాలి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగితే నేను ఇవ్వను, కోపం వచ్చినా సరే. అప్పుడు వాడదగినది పారాసిటమాలే, అదీ మోతాదు మించకుండా.

దివిసీమ వైపు చూసేవారికి పాముకాటు గురించి వేరే చెప్పాలా? రక్తపింజర కరిస్తే వాపు, మంట ఉంటాయి కనుక మనిషి తనంతట తానే పరుగెత్తుతాడు. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరిచి పోతుంది, కాటు గుర్తు కూడా సరిగా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితోనో, గొంతు పట్టేసినట్టుగానో లేస్తారు. రెప్పలు వాలిపోతూ, ఎంత ప్రయత్నించినా కన్ను పూర్తిగా తెరవలేకపోతుంటే, అది నిద్రమత్తు అనుకుని మళ్లీ పడుకోబెట్టకండి, కాసేపట్లో ఊపిరి తీసే కండరాలూ అలాగే వాలిపోవచ్చు. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ పనికిరావు. కాలో చేయో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

గుంటూరు, పల్నాడు మిర్చి చేలల్లో, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి చొంగ కారుతున్నా, కంటిపాప సూది మొనలా చిన్నదైపోయినా, బట్టలు విప్పించి ఒళ్లు సబ్బుతో కడిగిస్తూనే బండి పిలవాలి. మందు ఎలా ఒంట్లోకి పోయినా సరే, వాంతి చేయించకండి, డబ్బాను వెంట తీసుకువెళ్లండి. కొన్ని రకాల గడ్డిమందుల్లో మొదటిరోజు మనిషి బాగానే తిరుగుతూ కనిపించవచ్చు, దాన్ని నమ్మి ఇంటికి తీసుకుపోకండి. పోలీసు కేసవుతుందని దాచేవారున్నారు. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడటం ప్రతి డాక్టరు బాధ్యతని సుప్రీంకోర్టు 1989 లోనే చెప్పింది.

చంటిపిల్లల విషయంలో జ్వరం ఎంత ఉందన్నదాని కన్నా పాలు తాగుతున్నాడా, డొక్కలు ఎగరేస్తున్నాడా అన్నది చూడాలి. మూడు నెలల లోపు బిడ్డకు మాత్రం 100.4 డిగ్రీలకు చేరితే చాలు, వెంటనే చూపించాలి. షుగరు బిళ్ళలు వాడే పెద్దవారు చెమటలు పట్టి తికమకగా మాట్లాడుతుంటే, తెలివి ఉండి మింగగలిగితే ముందు పంచదార నీళ్లు తాగించండి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఎందుకంటే గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళల ప్రభావం మిగిలి ఉండి, కొన్ని గంటల తరువాత షుగరు మళ్లీ పడిపోవచ్చు. రోహిణి కార్తె ఎండలో పడిపోయి సంబంధం లేని మాటలు మాట్లాడుతున్న మనిషిని బండి వచ్చేదాకా అలాగే ఉంచకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూనే ఉండాలి.

ఇక ఎలా వెళ్లాలన్నది. ఛాతీ బరువుతో ఉన్న మనిషిని బైకు మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి బెంజిసర్కిల్ దాటించిన వాళ్లను చూశాను. దారిలో గుండె ఆగితే ఆ బైకు మీద చేయగలిగింది ఏముంది? 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన 108 ఉచితంగా వస్తుంది, ఏ ఫోను నుంచైనా పలుకుతుంది. ఫోనులో జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు, ఏ పని ఆగిపోయిందో, ఎప్పటి నుంచో చెప్పండి. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లదలుచుకుంటే, పక్షవాతానికి సీటీ స్కాన్, గుండెకు క్యాథ్‌ల్యాబ్ ఈ రాత్రి పనిచేస్తున్నాయా అని బయలుదేరుతూనే ఫోను చేసి అడగండి. ఒక చోట చేరి, అక్కడ లేదనిపించుకుని ఇంకో చోటికి పోవడంలోనే గడువులు దాటిపోతాయి.

మన ఊళ్లో విద్యాధరపురం, మొగల్రాజపురం, గుణదల కొండల మీద ఇళ్లున్నవారికి ఒక ఇబ్బంది ఉంది. అంబులెన్సు కింది రోడ్డు దాకానే వస్తుంది, మెట్లు ఎక్కదు. గుండెపోటు మనిషిని ఆ మెట్లు నడిపించి దించకండి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, వెనుక ఒకరు, ముందు ఒకరు పట్టుకుని దించండి. ఇంకొకరు ముందుగానే దిగి, సెల్‌ఫోను లైటు వేసుకుని, బండి వాడికి కనిపించేలా సందు మొదట్లో నిలబడండి.